మా ఆయన చూడని కాలు

మా ఆయనకి మనుషుల మొహాలు గుర్తుండవు, కాళ్లు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా ఆపి, "నమస్కారం డాక్టరుగారూ, గుర్తుపట్టారా?" అంటే ముందు తల దించుతారు. చెప్పులకేసి ఒక్క చూపు చూసి, "ఆఁ, కుడి చీలమండ, బయటివైపు. మెట్ల మీద పడ్డారు కదూ?" అంటారు. పేరు మాత్రం చచ్చినా రాదు. మొదటిసారి నన్ను చూడటానికి మా ఇంటికి వచ్చినప్పుడు కూర్చున్నంతసేపూ తల ఎత్తలేదు. "ఎంత బుద్ధిమంతుడే, ఆడపిల్ల మొహంకేసి కూడా చూడలేదు" అని మా అమ్మ మురిసిపోయింది. బుద్ధీ లేదు, పాడూ లేదు. నావి చదును పాదాలట. అవి చూస్తూ కూర్చున్నారట. పెళ్లయ్యాక నోరు జారి చెప్పారు.

ఆయన ఆపరేషన్లు చేసే డాక్టరు కాదు. పాదానికో చీలమండకో దెబ్బ తగిలి వస్తే ఏమైందో చూసి, కట్టు కట్టి, కసరత్తు చేయించి నడిపించే ఫిజియోథెరపిస్టు. ఆ మాట పలకలేక జనం 'కాళ్ల డాక్టరు' అనేశారు. ఇంటి ముందువైపు రెండు గదులే క్లినిక్కు. మొదటి గదిలో నా కుర్చీ, వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ. లోపలి గదిలో తెర వెనక ఎత్తయిన బల్ల. దాని మీది రెక్సిను పాదాల వైపు చిరిగిపోయి ఉంటుంది, ఎన్ని కుట్లు వేయించినా అక్కడే మళ్లీ చిరుగుతుంది. పక్కన పొడుగాటి వరండా. వచ్చినవాళ్లని అందులో అటూ ఇటూ నడిపించి, తను ఒక మూల గోడకి ఆనుకుని చూస్తారు. నేను పేర్లు పిలుస్తాను, ఉతికిన క్రేప్ బ్యాండేజీలు చుట్టిపెడతాను, ఎవరి చెప్పులు ఎవరు తొడుక్కుపోతున్నారో కనిపెడుతుంటాను.

ఆయనకి కొన్ని పంతాలున్నాయి. మోకాలి దాకా బట్ట ఎత్తందే కాలు ముట్టరు. రెండు కాళ్లూ చూడందే ఒక కాలి గురించి మాట్లాడరు. నడవగలిగినా సరే, నొప్పి లేదన్నా సరే, ప్రతి మనిషినీ బల్ల మీద బోర్లా పడుకోమంటారు, పాదాలు అంచు దాటి బయటికి వేలాడేలా. పిక్కని గుప్పిట్లో పట్టి నొక్కుతారు. మడమ వెనక తాడులా చేతికి తగులుతుందే, అది బాగుంటే పిక్క నొక్కగానే పాదం దానంతటదే కదులుతుంది. తెగితే కదలదు, చచ్చినట్టు వేలాడుతుంది. దాన్ని నరం అంటే ఆయనకి ఒళ్లు మంట. "నరం కాదు, స్నాయువు" అని బెంచీ మీద కూర్చున్న ప్రతి ముసలమ్మకీ చెప్తారు. వాళ్లు బుద్ధిగా తలూపి, "అదే బాబూ, ఆ నరమే" అంటారు.

జనానికి మొహం చూపించడానికి లేని సిగ్గు కాలు చూపించడానికి ఉంటుంది. మడమల పగుళ్లకి సిగ్గు, గోళ్లకి సిగ్గు, మేజోళ్ల చిరుగులకి సిగ్గు. ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చి, "బెణుకేనండీ, అలా పైపైన చూసెయ్యండి చాలు" అన్నాడు. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. "పైపైన చూసేవాళ్లు వేరే ఉన్నారండీ. ఇక్కడ సిగ్గుపడితే కాలు బాగుపడదు." ఇన్‌స్పెక్టరు ప్యాంటు మడిచి, కిక్కురుమనకుండా బోర్లా పడుకున్నాడు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌కీ అదే మాట, పెళ్లి కుదిరిన అమ్మాయికీ అదే మాట. ఆడవాళ్లయితే నన్ను పక్కన నిలబెట్టుకుంటారు, అంతే. ఇదంతా ఆయన్ని పొగడటానికి చెప్పడం లేదు. ఆ సిగ్గు మాటొక్కటి గుర్తుంచుకోండి.

ఇప్పుడు మా అక్క సంగతి. అక్క అంటే నా తోబుట్టువు కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. మా ఆయనకి తల్లి లేదు. ఊహ తెలిసేసరికి ఇంట్లో ఉన్నది వదినే. అన్నం పెట్టింది, తలంటింది, బడికి తోలింది, పరీక్ష తప్పితే చెవి మెలేసింది. బావగారు నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఇంటికి నోరు, చెయ్యి, కాలు అన్నీ ఆవిడే. ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. ఇంట్లో పిల్లల్ని నిద్ర లేపినా, వంటింట్లోంచి మమ్మల్ని తరిమినా, "రైట్ రైట్, పదండి పదండి, లోపలికి జరగండి!" అంటుంది. మేమందరం చాటుగా ఆవిడని 'రైట్ రైట్' అంటాం. ఆవిడకి తెలుసు.

మనిషి పొట్టి. బస్సులో గంట తాడు అందాలంటే మునివేళ్ల మీద లేవాలి. రోజంతా అదే పని, లేవడం, లాగడం, దిగడం. మా ఆయన చిన్నప్పుడు సెలవురోజుల్లో ఆవిడ బస్సులోనే తిరిగేవారట. ఆవిడ ఒక చేత్తో టిక్కెట్లు కొడుతూ ఇంకో చేత్తో ఆయన్ని ఎత్తి పట్టుకుంటే, గంట తాడు ఈయన లాగేవారట. "ఎత్తీ ఎత్తీ నడుం పడిపోయిందే అమ్మాయ్. ఇప్పుడు చూడు, కాళ్లు తప్ప నడుం వైద్యం తెలీదంటాడు!" అని నాతో అనేది.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. మా అక్కకి ఆ సామెత పట్టదు. ఆవిడకి పెరటి చెట్టే కల్పవృక్షం. కుంటుతూ బస్సెక్కిన ప్రతివాడికీ మా క్లినిక్కు దారి చెప్పేది. "మా మరిది చెయ్యి పడితే చాలు, లేచి పరిగెడతారు" అని దారి పొడుగునా చాటింపు వేసేది. మా బెంచీ మీద సగం మంది ఆవిడ టిక్కెట్టు కొట్టి పంపినవాళ్లే.

ఒకరోజు ఏదో స్టాపులో ఆవిడ చిల్లర కోసం కిందికి దిగింది. లోపల ఎవరో తాడు లాగారు. డ్రైవరు బస్సు కదిలించాడు. ఆవిడ "హోల్డాన్, హోల్డాన్!" అని అరుస్తూ పరుగందుకుంది. రెండంగలు వేసిందో లేదో, మడమ మీద ఎవరో వెనకనుంచి ఫెడేల్మని తన్నారు. తిరిగి చూస్తే గొడుగు పట్టుకున్న ఒక పెద్దమనిషి. అంతే, ఆయన్ని దులిపేసింది. "వయసొచ్చింది, సిగ్గు లేదూ? ఆడమనిషిని కాలితో తంతావా?" ఆయన నేను కాదు మొర్రో అన్నాడు. గొడుగుతో పొడిచావా అంది. జనం పోగయ్యారు. చివరికి ఆ పెద్దమనిషి, చేయని తప్పుకి చేతులు జోడించి, "క్షమించు తల్లీ" అని చెప్పి వెళ్లిపోయాడు.

కబురు తెలిసి మేం వెళ్లేసరికి అక్క కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టుకుని ఆ కథే చెప్తోంది. చుట్టూ బావగారు, పిల్లలు, పక్కింటివాళ్లు. గొడుగాయన చేతులు జోడించిన తీరు చేసి చూపిస్తుంటే ఇల్లంతా నవ్వులు. మా ఆయనకి నవ్వీ నవ్వీ కళ్లనీళ్లొచ్చాయి. నేనూ నవ్వాను.

తర్వాత ఆయన స్టూలు దగ్గర గొంతుకూర్చున్నారు. చీలమండ వాచింది. అక్క నైటీ అంచు పాదాల దాకా దిగి ఉంది. ఆ అంచుని ఆయన వేలితో కాస్తంత, అంటే రెండు వేళ్ల మేర జరిపారు. అక్కడక్కడ అదిమి చూశారు.

"పాదం కిందికి వంచండి వదినా."

వంచింది. కొంచెం వంగింది.

"నొప్పుందా?"

"ఇందాక ఉంది. ఇప్పుడేం లేదు నాయనా. బరువుగా ఉంది, అంతే."

"బెణికింది" అని లేచారు.

నాకు వింతగా తోచింది. పక్కనే మంచం ఉంది. "ఏమండీ, బోర్లా పడుకోబెట్టి చూడరా?" అన్నాను. ఆయన నాకేసి తిరిగిన తిరుగుడు ఇప్పటికీ మర్చిపోను. "బుద్ధుందా నీకు? వదినని..." అని ఆగిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి. అక్క కూడా నైటీ అంచు ఇంకాస్త కిందికి లాక్కుంది. "వాడికి తెలీదా అమ్మాయ్, నువ్వు చెప్పాలా?" అని నన్నే కసిరింది. నేను నోరు మూసుకున్నాను.

ఐసు, క్రేప్ బ్యాండేజీ, విశ్రాంతి. వాపు తగ్గాక తువ్వాలు పాదానికి వేసి తన వైపుకి లాక్కునే కసరత్తు. పిక్క సాగాలని ఆయనే నేర్పారు. ఆవిడ పట్టుదల మనిషి కదా, రోజూ పూటకోసారి లాగింది. కొన్నాళ్లకి బస్సెక్కింది. "ఎలా ఉంది వదినా?" అంటే, "భేషుగ్గా ఉంది! నీ చేతి చలవ" అనేది. మా వరండాలో ఆయన ముందు టకటకా నడిచి చూపించేది. ఆయన తృప్తిగా తలూపేవారు.

నాకు మాత్రం ఒకటీ అరా కనబడుతూనే ఉన్నాయి. మెట్లెక్కేటప్పుడు ప్రతి మెట్టుకీ బాగున్న కాలే ముందు వేసి, రెండోది దాని పక్కకి తెచ్చుకునేది. మా వంటింట్లో పై అరలో డబ్బా ఎప్పుడూ తనే మునివేళ్ల మీద లేచి తీసుకునేది, ఇప్పుడు, "అమ్మాయ్, అది కాస్త అందుకో" అంటోంది. మా ఆయనతో చెప్తే, "వయసు కదా. కసరత్తు మానేసి ఉంటుంది" అన్నారు. మానలేదండీ అంటే, ఇంకాస్త గట్టిగా లాగమని చెప్పమన్నారు.

అలా ఎన్నాళ్లు సాగేదో. ఒక సాయంత్రం టాక్సు ఆఫీసు గుమాస్తా ఒకాయన ఇద్దరి భుజాలు పట్టుకుని వచ్చాడు. షటిల్ ఆడుతుంటే దెబ్బ తగిలిందట. బోర్లా పడుకోబెట్టారు. నేను తెర ఇవతల బ్యాండేజీలు చుట్టుకుంటున్నాను.

"ఎలా తగిలిందండీ?" అని మా ఆయన.

"అదే తెలీదు సార్. ముందుకి ఉరికాను. ఎవరో వెనకనుంచి మడమ మీద తన్నారు. తిరిగి మా పార్టనర్‌ని నానా తిట్లూ తిట్టాను. తీరా చూస్తే వాడు కోర్టుకి ఆ చివరున్నాడు!"

నాకు నవ్వాగలేదు. తెర ఇవతల్నుంచే, "అయ్యో రామ, అచ్చం మా అక్కలాగే!" అనేశాను.

లోపల చప్పుడు లేదు. గుమాస్తా కూడా నవ్వబోయి ఆగాడు కాబోలు. ఏమైందా అని తెర పక్కకి తీసి చూశాను. మా ఆయన చెయ్యి ఆ పిక్క మీద ఉంది, కానీ నొక్కడం లేదు. నాకేసి చూస్తున్నారు. మా పెళ్లయినప్పట్నుంచి ఆయన అంతసేపు నా మొహంకేసి చూడటం అదే మొదలు. ఆ తర్వాత నొక్కారు. పాదం కదల్లేదు. అంచు మీంచి అలా వేలాడుతూ ఉండిపోయింది.

గుమాస్తాని పెద్దాసుపత్రికి పంపేశారు. బయట ఇంకా మనుషులున్నా తలుపులు వేయించేశారు. బల్ల మీద కూర్చుని చిరిగిన రెక్సినుని గోటితో గిల్లుతున్నారు.

"ఏమైందండీ?"

"తెగింది."

"ఆ గుమాస్తాకా?"

"వదినకి. ఆ రోజే తెగింది." గిల్లుతూనే అన్నారు. "ఎవరో వెనకనుంచి తన్నినట్టుంది అన్నారంటే ముందు దాన్నే అనుమానించాలి. చదువుకునేటప్పుడు మొదటిరోజు చెప్పే మాట. నేను విని నవ్వానే! కూర్చోబెట్టి వంచమంటే వంగకేం చేస్తుంది, పక్కనున్న చిన్న స్నాయువులు వంచుతాయి. పిక్క నొక్కి ఉంటే తెలిసిపోయేది."

"ఇప్పుడేం చెయ్యలేరా?"

కొత్తలో అయితే తెగిన రెండు కొసలూ దగ్గరగానే ఉంటాయట. పాదం కిందికి వంచి పిండికట్టు వేసినా అతుక్కుంటాయి, కుట్టినా అతుక్కుంటాయి. పాతబడితే పైకొస పిక్కలోకి జారిపోతుంది, మధ్యలో ఖాళీ పడుతుంది. అప్పుడు బొటనవేలిని వంచే స్నాయువుని తీసుకొచ్చి అక్కడ కలపాలి. నడక వస్తుంది. మునివేళ్ల మీద లేచే బలం వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

"అది చాలక తువ్వాలిచ్చి లాగించాను" అన్నారు. "దూరమైపోతున్న దాన్ని ఇంకా దూరం లాగించాను."

నాకు ఆయన మీద జాలి రాలేదు, కోపమొచ్చింది. ఆ కోపం కింద నాకూ సిగ్గుగానే ఉంది. ఆ రోజు మంచం చూపించినదాన్ని, ఒక్క కసురుకే నోరు మూసుకున్నాను కదా.

అప్పుడే వెళ్లి చెప్పేస్తే బాగుండేది. చెప్పలేదు. రేపు రేపు అంటూ తేలు కుట్టిన దొంగలా తిరిగారు. బావగారింటి సందులోకి వెళ్లడం మానేశారు. ఒకరోజు వీధిలోంచి అక్క గొంతు వినబడింది, "రైట్ రైట్! డాక్టరుగారున్నారా?" అని. నేను తలుపు తీసి వెనక్కి తిరిగేసరికి మనిషి లేరు. పెరటి గుమ్మంలోంచి పారిపోయారు. చెప్పులు ఇక్కడే ఉన్నాయి. ఊరందరికీ చెప్పుల్లేకుండా తిరగొద్దని చెప్పే మనిషి, వట్టికాళ్లతో వెనకసందులో నిలబడి, ఆవిడ వెళ్లిపోయేదాకా గోడచాటున ఉన్నారు. వంటింటి కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉన్నారు. ఛీ, ఏం బతుకనిపించింది.

ఆయన రాగానే కడిగేశాను. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"అడుసు తొక్కినప్పుడు ఉండాల్సింది ఆ ఆలోచన."

"పోనీ, ఊరికే ఒకసారి చూపించుకోమని పెద్దాసుపత్రికి పంపిస్తే? అక్కడే తెలిసినట్టు..."

ఒళ్లు మండిపోయింది నాకు. "వాళ్లు అడుగుతారు, ఇన్నాళ్లూ ఎవరికి చూపించావమ్మా అని. అక్క ఏం చెప్తుందో తెలుసా? ఎవరికీ చూపించలేదండీ అంటుంది. మీ పేరు బయటికి రానిస్తుందా ఆవిడ? ఆవిడ చేత అబద్ధం కూడా ఆడిస్తారా?"

ఆయన మర్నాడు నన్నే పంపి అక్కని క్లినిక్కుకి పిలిపించారు.

అక్క నవ్వుతూనే వచ్చింది. "ఏంటి నాయనా, ఇన్నాళ్లకి పేషెంట్‌ని చేశావు నన్ను?"

"వదినా, ఒకసారి... బోర్లా పడుకోవాలి."

ఆవిడ నాకేసి చూసింది, ఆయనకేసి చూసింది. బల్ల ఎత్తుగా ఉంది, కింద పీట వేశాను. ఎక్కేటప్పుడు ఆ కాలు మీద లేవలేక, చేతులతో బల్ల పట్టుకుని ఒళ్లంతా లాక్కుంది. పడుకుని తలగడలో మొహం పెట్టుకుంది. నేను నైటీ మోకాళ్ల దాకా పైకి జరిపాను. అప్పుడు చూశాను. ఒక పిక్క నిండుగా ఉంది, రెండోది జారిపోయి బోసిగా ఉంది. ఆవిడే బయటి పేషెంటైతే, బట్ట ఎత్తగానే ఒక్క చూపుకి తెలిసిపోయేది, నాలాంటిదానికి కూడా.

ఆయన ముందు బాగున్న కాలి పిక్క నొక్కారు. పాదం కదిలింది. ఇటు వచ్చి రెండో పిక్క పట్టుకున్నారు. నొక్కారు. పాదం కదల్లేదు. మళ్లీ నొక్కారు, పట్టు మార్చి మళ్లీ నొక్కారు. ఎన్నిసార్లు నొక్కితే మాత్రం ఏముంది?

"కదిలిందా?" అంది అక్క తలగడలోంచి.

ఆయన ఇంకోసారి నొక్కారు.

"కదిలిందా నాయనా? నాకేం తెలీట్లేదు ఇక్కడ."

"లేదక్కా" అన్నాను నేను.

అప్పుడు చెప్పారు ఆయన. తెగిందని, ఆ రోజే తెగిందని, తను బెణుకన్నది తప్పని. తలదించుకుని ఆ పాదానికే చెప్తున్నట్టు చెప్పారు. ఆవిడ కదలకుండా విన్నది. లేపి కూర్చోబెట్టాక బట్ట సర్దుకుంటూ, మామూలు గొంతుతోనే అడిగింది.

"మరి ఆ రోజు ఇలా చూడలేదేం?"

ఆయన తల కొట్టేసినట్టు నిలబడ్డారు. ఆవిడ కాసేపు చూసి, "పోనీలే" అని పీట మీంచి దిగింది. వెళ్లేటప్పుడు టకటకా నడవలేదు. ఆవిడ అసలు నడక మొదటిసారి చూశాం. ఇన్నాళ్లూ మరిది మాట తప్పు కాకూడదని మా వరండాలో పళ్లబిగువున నడిచిందని అప్పుడర్థమైంది నాకు.

పెద్దాసుపత్రిలో సర్జను మా ఆయనకంటే చిన్నవాడు. మా ఆయన పంపే కేసులన్నీ చూసేవాడు, ఆయనంటే గౌరవం. కాగితం మీంచి తల ఎత్తకుండా అడిగాడు, "ఏమ్మా, ఇన్నాళ్లూ ఎవరికి చూపించారు?"

అక్క ఠక్కున అంది, "ఎవరికీ చూపించలేదు బాబూ. బస్సు పనిలో పడి అశ్రద్ధ చేశాను. తప్పు నాదే."

నేను అనుకున్నదే. మంచం కాళ్లవైపు నిలబడ్డ మా ఆయనకేసి చూశాను. ఆయన గొంతు సర్దుకున్నారు.

"నాకు చూపించింది. నేనే చూశాను."

సర్జను నవ్వాడు, పరాచికమనుకున్నాడు. "మీరు చూస్తే ఇలా ఎందుకుంటుంది సార్?"

"పిక్క నొక్కలేదు."

ఆ అబ్బాయి నవ్వు అలాగే ఆగిపోయింది. గబుక్కున కాగితంలోకి తల వంచేసి ఏదో రాసుకున్నాడు. తిట్టినా బాగుండేది. వాడు మా ఆయన మొహం చూడకుండా ఉండటానికి పడ్డ అవస్థ చూడలేక నేను కిటికీ దగ్గరికి వెళ్లిపోయాను. అక్క మాత్రం మా ఆయన మీద మండిపడింది. "నిన్నెవరు అడిగారు? నోరు మూసుకుని ఉండలేవూ!"

ఆపరేషన్ బాగానే జరిగింది. పిండికట్టు, చేతికర్రలు, ఆ తర్వాత మడమ కింద ఎత్తు పెట్టిన బూటు. ఆ ఎత్తుని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. రోజూ పొద్దున్నే మా ఆయన వెళ్లి ఆవిడని క్లినిక్కుకి తీసుకొచ్చి, మొదట ఆవిడనే చూసి, ఆ తర్వాతే తలుపులు తీసేవారు. బెంచీ మీద ఎవరైనా, "మీ వదినగారి కాలు ఎలా ఉందండీ?" అని అడిగితే, "నా వల్ల ఆలస్యమైందండీ" అని చెప్పేవారు. వాళ్లు ఇబ్బందిగా నవ్వేవారు. కొందరు మళ్లీ రాలేదు.

చివరికి ఒకరోజు గోడ దగ్గర నిలబెట్టారు. "ఒక్కో కాలి మీదా నిలబడి మడమ లేపండి వదినా."

ఆవిడ గోడకి రెండు అరచేతులూ ఆనించింది. బాగున్న కాలి మీద సులువుగా లేచింది. రెండో కాలి మీద లేవబోయింది. భుజాలు లేచాయి, మెడ నరాలు తేలాయి, ఒళ్లంతా కంపించింది. మడమ నేల వదల్లేదు. "ఇంకొక్కసారి" అన్నారు ఆయన. ఇంకొక్కసారీ అంతే. ఆవిడ గోడకేసే చూస్తూ, "ఉండు, ఉండు, వస్తుంది" అంది. రాలేదు.

డిపోవాళ్లు అప్పటికే చెప్పేశారు, బస్సు మీదికి పంపలేమని. స్టాండులో విచారణ కిటికీ వెనక కుర్చీ ఇచ్చారు, మైకులో బస్సులొచ్చేదీ పోయేదీ చెప్పడానికి. "కూర్చుని తినే ఉద్యోగం. రోజంతా ఫ్యాను గాలి!" అని బావగారితో జోకులేసింది. స్టాండులో బస్సు కదిలినప్పుడల్లా కిటికీలోంచి తొంగి చూస్తుందని ఆవిడ డ్రైవరు నాతో చెప్పాడు. కొత్త కండక్టరు పొడుగు కుర్రాడట. నిలబడ్డచోటే తాడు అందుతుందట.

ఆ కుర్చీలో చేరబోయే ముందురోజు క్లినిక్కుకి వచ్చింది. మా ఆయన నేల మీద కూర్చుని, ఆవిడ పాదం తన ఒళ్లో పెట్టుకుని కట్టు చుడుతున్నారు. ఇప్పుడాయన మోకాలి దాకా బట్ట జరుపుతారు, పిక్క అంతా తడిమి చూస్తారు, ఏ మొహమాటమూ లేదు. ఆవిడ పైనుంచి ఆయన నడినెత్తికేసి చూస్తోంది.

"ఒకటి అడిగాను. నువ్వింకా చెప్పలేదు" అంది.

చుట్టే చెయ్యి ఆగింది.

"ఆ రోజెందుకు చూడలేదు?"

నేను తెర దగ్గరే నిలబడ్డాను.

"సిగ్గేసింది వదినా" అన్నారు. "మీరు... మీ కాలు అలా పట్టుకుని... సిగ్గేసింది."

అక్క మొదట నవ్వింది. ఆ నవ్వు సగంలోనే పోయింది. మా బెంచీ వైపు, తెర సందులోంచి కనిపించే మనుషుల వైపు చూసింది. అక్కడ ఎవరో ముసలాయన అప్పటికే ప్యాంటు మడుచుకుని కూర్చున్నాడు.

"ఎంతమంది కాళ్లు చూస్తావు రోజూ" అంది. "నేనూ పరాయిదాన్నయితే బాగుండేది నాయనా."

కోపంగా అని ఉంటే ఆయన తట్టుకునేవారు. ఆవిడ ఉన్నమాట అన్నట్టు అంది. ఆయన తల ఎత్తలేదు. మిగిలిన బ్యాండేజీ పాదం చుట్టూ తిప్పి, చివర క్లిప్పు పెట్టారు. బూటు తొడిగారు. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి ఆనించి లేచి నిలబడి, "రైట్ రైట్, తర్వాతి మనిషిని పిలువమ్మాయ్" అంది నాతో.